లైసోజోమ్ తనను తాను ఎందుకు అరిగించుకోదు?

ప్రశ్న: నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో జీవశాస్త్రం చదువుతున్నాను. కణాంగాల పాఠం మొదలైనప్పటి నుంచి ఒకటే టెన్షన్. కేంద్రకం మెదడు, మైటోకాండ్రియా పవర్‌హౌస్, లైసోజోమ్ చెత్తబుట్ట అని బట్టీ పడతాను. మర్నాటికల్లా గాల్జీకీ అంతర్జీవద్రవ్య జాలకానికీ తేడా ఏమిటో, లైసోజోమ్‌కీ పెరాక్సిజోమ్‌కీ తేడా ఏమిటో మర్చిపోతాను. పైగా ఒక అనుమానం వదలడం లేదు. ప్రోటీన్లు, కొవ్వులు, డీఎన్ఏ దేన్నైనా కరిగించే ఎంజైములు లైసోజోమ్‌లో ఉంటాయంటారు. మరి అవి ఆ సంచినే ఎందుకు కరిగించవు? ఒక పుస్తకంలో అవి ఆత్మహత్యా సంచులని, పగిలి కణాన్ని చంపుతాయని ఉంది. ఇంకో పుస్తకంలో కణాన్ని బతికించేవే అవి అని ఉంది. ఎలా చదవాలి? పరీక్షలో ఏది రాయాలి?
— ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, నీ అనుమానం చాలా మంచిది. దాన్ని వదలకుండా పట్టుకో, మిగతా కణాంగాలన్నీ దాని వెంటే వస్తాయి. అందుకే ముందు దానికి జవాబు చెప్తాను. చదివే పద్ధతి సంగతి ఆ తర్వాత చూద్దాం.

లైసోజోమ్‌ను మొదట ఎవరూ సూక్ష్మదర్శినిలో చూసి కనిపెట్టలేదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ డి డూవ్ అనే శాస్త్రవేత్త, కాలేయం మీద ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఎలుక కాలేయాన్ని నూరి అందులోని ఎంజైములను కొలుస్తుండేవాడు. 1949లో ఆమ్ల ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ దగ్గర లెక్క కుదరలేదు. కణజాలాన్ని సున్నితంగా నూరినప్పుడు, ఉండాల్సిన దాంట్లో దాదాపు పదో వంతు చురుకుదనమే కనిపించింది. ఆ నమూనాలను ఫ్రిజ్‌లో పెట్టి ఐదు రోజుల తర్వాత మళ్లీ కొలిస్తే ఎంజైమ్ బాగా పనిచేస్తోంది.

మొదటి కొలతలో ఏదో పొరపాటు జరిగిందని ఆ నమూనాలను పారబోసి ఉంటే విషయం అక్కడితో ముగిసేది. డి డూవ్ బృందం అలా వదిలేయలేదు. ఎంజైమ్ మొదటి రోజు కూడా అక్కడే ఉంది, కాకపోతే ఏదో పొర లోపల మూతపడి ఉంది, ఈ ఐదు రోజుల్లో ఆ పొర పాడై ఎంజైమ్ బయటపడింది అని వాళ్లు ఆలోచించారు. తర్వాతి ప్రయోగాల్లో ఇలాంటి ఎంజైములు మరికొన్ని కూడా అదే రకం సంచుల్లో ఉన్నాయని తేలింది. 1955లో డి డూవ్ ఆ సంచికి లైసోజోమ్ అని పేరు పెట్టాడు. అదే ఏడాది అలెక్స్ నొవికాఫ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వాటి ఫొటోలు తీశాడు. ఎంజైమ్ కొలతల్లో కనిపించిన చిన్న తేడా నుంచి ఒక కొత్త కణాంగం బయటపడడం నాకు ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. 1974లో డి డూవ్‌కు ఆల్బర్ట్ క్లాడ్, జార్జ్ పలాడేలతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

నీ ప్రశ్నకు సగం జవాబు ఆ ఫ్రిజ్ ప్రయోగంలోనే ఉంది. పొర చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం లోపలి ఎంజైమ్ బయటి పదార్థాన్ని తాకలేదు. ఇక మిగిలింది, ఆ పొరనే లోపలి నుంచి ఎందుకు తినేయదు అన్నది.

లైసోజోమ్ పొర లోపలి వైపంతా చక్కెర గొలుసులు దట్టంగా పరుచుకుని ఉంటాయి. పొరలో ఇమిడి ఉన్న ల్యాంప్-1, ల్యాంప్-2 లాంటి ప్రోటీన్లకు ఈ గొలుసులు అతుక్కుని ఉంటాయి. ప్రోటీన్లను కోసే ఎంజైమ్ ఆ గొలుసులను దాటుకుని లోపలి ప్రోటీన్ దాకా చేరడం కష్టం. అలాగని ఆ రక్షణ శాశ్వతం అనుకోకు. పొరలోని ప్రోటీన్లు కూడా మెల్లగా అరిగిపోతుంటాయి, కణం కొత్తవి తయారుచేసి పంపుతూనే ఉంటుంది.

ఒకవేళ ఎంజైములు కొంచెం బయటికి కారాయనుకో. అప్పుడు ఆమ్లత్వం అడ్డుపడుతుంది. లైసోజోమ్ లోపల పీహెచ్ 4.5 నుంచి 5 మధ్య ఉంటుంది. బయట కణద్రవ్యంలో దాదాపు 7.2. చూడ్డానికి చిన్న తేడాలాగే ఉంటుంది కానీ పీహెచ్ ఒక అంకె తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు పెరిగినట్టు. 4.7కీ 7.2కీ మధ్య తేడా మూడు వందల రెట్ల పైమాటే. లైసోజోమ్‌లో సుమారు 60 రకాల ఎంజైములు ఉంటాయి. వాటిలో చాలావాటికి ఆ ఆమ్లం ఉంటేనే చురుకుదనం. కణద్రవ్యంలో పడితే నీరసించిపోతాయి. పొరకు చిన్న చిల్లు పడితే వెంటనే వచ్చి పూడ్చే ప్రోటీన్లు కూడా కణంలో ఉన్నాయి.

పెద్ద ఎత్తున పగిలితే మాత్రం ప్రమాదమే, నీ మొదటి పుస్తకం చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. రాతి ధూళిలోని సిలికాను చూడు. దాన్ని పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఉండే మాక్రోఫేజ్ కణాలు ఆ రేణువులను మింగి లైసోజోమ్‌కు చేరుస్తాయి. అక్కడున్న ఏ ఎంజైమూ సిలికాను కరిగించలేదు. స్ఫటికం పొరను దెబ్బతీస్తుంది, ఎంజైములు బయటపడతాయి, వాపు మొదలవుతుంది, కణం చనిపోతుంది. అందులోంచి బయటపడిన రేణువును ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. గనుల్లో, రాతి పనుల్లో ఉన్నవాళ్లకు వచ్చే సిలికోసిస్ ఇలాగే ముదురుతుంది.

సరే, ఆ ఆమ్లం ఎక్కడిది? లైసోజోమ్ పొరలో వి-ఏటీపేజ్ అనే పంపు ఉంటుంది. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను ఖర్చు పెట్టి ప్రోటాన్లను, అంటే హైడ్రోజన్ అయాన్లను, లోపలికి తోస్తుంది. మన కణాల్లో ఏటీపీ ఎక్కువ భాగం తయారయ్యేది మైటోకాండ్రియాలో. అక్కడ ఏటీపీ సింథేజ్ అనే యంత్రం ప్రోటాన్ల ప్రవాహాన్ని వాడుకుని ఏటీపీ తయారుచేస్తుంది. ఈ రెండు యంత్రాల నిర్మాణం చాలా దగ్గరగా ఉంటుంది, పరిణామంలో రెండూ ఒకే వంశానివి. ఒకచోట ప్రోటాన్లు ప్రవహిస్తే ఏటీపీ పుడుతుంది. ఇంకోచోట ఏటీపీ ఖర్చయితే ప్రోటాన్లు కదులుతాయి. ఈ ఒక్క సంబంధం పట్టుకుంటే మైటోకాండ్రియాకీ లైసోజోమ్‌కీ ముడి ఎక్కడుందో ఇక మర్చిపోవు.

ఇప్పుడు చదివే పద్ధతి. మెదడు, పవర్‌హౌస్, చెత్తబుట్ట లాంటి పోలికలను కొన్నాళ్లు పక్కన పెట్టు. అవి ఒక్కో కణాంగాన్ని విడిగా చూపిస్తాయి, ఒకదానికొకటి ఏం ఇచ్చిపుచ్చుకుంటాయో చెప్పవు. నువ్వు మర్చిపోవడానికి కారణం నీ జ్ఞాపకశక్తి కాదని, ఆ లంకె దొరకకపోవడమేనని నా నమ్మకం. ఒకే ఒక్క ప్రోటీన్‌ను ఎంచుకుని, అది పుట్టిన చోటు నుంచి పనిచేసే చోటు దాకా దాని వెంట వెళ్లు. నేనైతే ఆమ్ల ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైమ్‌ను ఎంచుకుంటాను. లైసోజోమ్‌లోకి చేరిన గ్లైకోజన్‌ను (కణం గ్లూకోజ్‌ను దాచుకునే రూపం అది) గ్లూకోజ్‌గా విడగొట్టడం దాని పని. ఒక తెల్లకాగితం తీసుకుని నేను చెప్తున్న కొద్దీ గీస్తూ రా.

దాని జన్యువు 17వ క్రోమోజోమ్ మీద, కేంద్రకంలో ఉంది. ఆ సమాచారం ఎంఆర్ఎన్ఏగా నకలై, కేంద్రక పొరలోని రంధ్రాల గుండా కణద్రవ్యంలోకి వస్తుంది. డీఎన్ఏ మాత్రం గడప దాటదు. బయట రైబోజోమ్ ఆ సందేశాన్ని చదువుతూ అమైనో ఆమ్లాలను వరసగా కలపడం మొదలుపెడుతుంది. పూర్తయితే 952 అమైనో ఆమ్లాల గొలుసు. అయితే మొదటి కొద్ది భాగం బయటికి రాగానే ఒక ముఖ్యమైన సంగతి జరుగుతుంది. ఆ కొసన ఉన్న సంకేత భాగాన్ని సిగ్నల్ రికగ్నిషన్ పార్టికల్ అనే అణుసముదాయం గుర్తుపట్టి, తయారీని కాసేపు ఆపి, రైబోజోమ్‌ను మొత్తంగా అంతర్జీవద్రవ్య జాలకం దగ్గరికి తీసుకెళ్తుంది. గరుకు జాలకం గరుకుగా కనిపించడానికి కారణం ఇలా వచ్చి అంటుకున్న రైబోజోములే. ప్రోటీన్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే సంకేతం ప్రోటీన్‌లోనే రాసి ఉంటుందని చూపించినందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

జాలకం లోపలికి జారుతున్న గొలుసుకు ఏడు చోట్ల చక్కెర కొమ్మలు అతుకుతాయి. ఒక్కో కొమ్మలో మొదట 14 చక్కెర అణువులు. అక్కడి సహాయక ప్రోటీన్లు గొలుసు సరైన ఆకారంలో ముడుచుకుందా లేదా అని చూస్తాయి. సరిగ్గా ముడుచుకోనిదాన్ని ముందుకు పోనివ్వరు. వెనక్కి కణద్రవ్యంలోకి లాగి ప్రోటియాజోమ్ అనే యంత్రంలో ముక్కలు చేస్తారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. కణంలో పాత ప్రోటీన్లను పగలగొట్టే పని లైసోజోమ్ ఒక్కదానిదే కాదు. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ ముద్రగా పడిన ప్రోటీన్లను విడివిడిగా ముక్కలు చేసేది ప్రోటియాజోమ్. ఒక మైటోకాండ్రియాను మొత్తంగా అరిగించాలంటే మాత్రం లైసోజోమ్ కావాలి.

ఆకారం కుదిరిన ఎంజైమ్ చిన్న కోశంలో కూర్చుని గాల్జీకి చేరుతుంది. అక్కడ దాని చక్కెర కొమ్మల్లోని మానోజ్‌కు ఒక ఫాస్ఫేట్ తగులుతుంది. మానోజ్-6-ఫాస్ఫేట్ అనే ఈ గుర్తు ఉన్నదాన్ని లైసోజోమ్‌కు పంపాలని గాల్జీలోని గ్రాహకాలకు తెలుస్తుంది. అవి దాన్ని పట్టుకుని కోశాల్లోకి ఎక్కిస్తాయి. ఆ కోశాలు ముందు ఎండోజోమ్ అనే మధ్య మజిలీ సంచికి వెళ్తాయి. అక్కడ పీహెచ్ 6 దగ్గరికి పడిపోయేసరికి గ్రాహకం పట్టు వదిలేస్తుంది, ఎంజైమ్ ముందుకు పోతుంది, గ్రాహకం ఖాళీగా గాల్జీకి తిరిగి వస్తుంది. చివరికి లైసోజోమ్ చేరాక ఎంజైమ్ కొసలు కొన్ని కత్తిరింపై పూర్తి చురుకుదనం వస్తుంది. లైసోజోమ్ ఎంజైములు చాలావరకు ఇలాగే అసంపూర్ణ రూపంలో ప్రయాణించి గమ్యం చేరాకే పదునెక్కుతాయి. దారిలో జాలకాన్నీ గాల్జీనీ అవి ఎందుకు తినేయవో దీన్నిబట్టి అర్థమవుతుంది.

చూశావా, ఇప్పుడు జాలకానికీ గాల్జీకీ తేడా చెప్పమంటే తడుముకోవు. చక్కెర కొమ్మ తగిలించి ఆకారం సరిచూసింది జాలకం. ఆ కొమ్మను మార్చి, ఎటు పోవాలో గుర్తు వేసి పంపింది గాల్జీ.

ఈ ఎంజైమ్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, అది లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. 1932లో యొహానెస్ పోంపే అనే డచ్ వైద్యుడు, గుండె బాగా పెరిగిపోయి చనిపోయిన ఏడు నెలల పాప గురించి రాశాడు. గుండె కండరంలో గ్లైకోజన్ పేరుకుపోయి ఉంది. (రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలను ఎదిరించిన బృందాలతో కలిసి పనిచేసినందుకు పోంపేను 1945లో చంపేశారు. తను రాసిన జబ్బుకు కారణమేమిటో తెలుసుకునే అవకాశం ఆయనకు దక్కలేదు.) ఆ జబ్బు చాలాకాలం చిక్కుముడిగానే ఉండిపోయింది. గ్లైకోజన్‌ను గ్లూకోజ్‌గా మార్చే మామూలు ఎంజైములు కణద్రవ్యంలో సరిగ్గానే ఉన్నాయి, రక్తంలో చక్కెరా మామూలుగానే ఉంది, మరి గ్లైకోజన్ ఎందుకు పేరుకుంటోంది?

1963లో లూవెన్‌లోనే హెన్రీ హెర్స్ దాన్ని విప్పాడు. పేరుకున్న గ్లైకోజన్ లైసోజోమ్‌ల లోపల ఉంది, అక్కడ దాన్ని విడగొట్టే ఆమ్ల ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఈ పిల్లల్లో లేదు. కణద్రవ్యంలో ఎన్ని ఎంజైములున్నా పొర లోపలికి వెళ్లి సాయం చేయలేవు. లైసోజోమ్ జబ్బుల్లో మొదట కారణం తెలిసింది దీనికే. ఇప్పుడు అలాంటివి 50కి పైగా తెలుసు. గోషే, టే-శాక్స్ వాటిలోవే. చాలావాటిలో ఒక్కో ఎంజైమ్ కొరత, ఒక్కో పదార్థం పేరుకుపోవడం.

దీని చికిత్స చూస్తే మానోజ్-6-ఫాస్ఫేట్ గుర్తు ఎంత విలువైనదో తెలుస్తుంది. ఆ గుర్తును పట్టే గ్రాహకాలు గాల్జీలోనే కాదు, కణం బయటి పొర మీద కూడా కొన్ని ఉంటాయి. అంటే ఎంజైమ్‌ను బయట తయారుచేసి రక్తంలోకి ఎక్కిస్తే, కణం దాన్ని పట్టుకుని లోపలికి లాక్కుని ఎండోజోమ్ మీదుగా లైసోజోమ్‌కు చేరవేస్తుంది. పోంపే జబ్బుకు ఇలాంటి ఎంజైమ్ మందు 2006లో అనుమతి పొందింది. గుండె బలహీనపడి ఏడాది, ఏడాదిన్నర కూడా బతకని పసిపిల్లలు చాలామంది దానివల్ల ఇంకొన్నేళ్లు బతకగలుగుతున్నారు. పూర్తిగా నయం కాదు, కండరాల్లోకి మందు సరిపడా చేరదు, మెదడులోకి అసలు చేరదు. అయినా నువ్వు ఇప్పుడు కాగితం మీద గీసిన దారే ఆ మందు వెళ్లే దారి. అందుకే ఈ పాఠాన్ని మార్కుల కోసం మాత్రమే చదవొద్దని నిన్ను కోరుతున్నాను.

పెరాక్సిజోమ్‌తో గందరగోళం నీ ఒక్కదానిదే కాదు. రెండూ ఒకే పొర ఉన్న చిన్న సంచులు, రెండింటినీ వెలుగులోకి తెచ్చింది డి డూవ్ బృందమే. కాలేయాన్ని నూరి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే రెండూ దాదాపు ఒకేచోట పేరుకునేవి. ఎలుకకు ముందే ట్రైటాన్ డబ్ల్యూఆర్-1339 అనే పదార్థాన్ని ఎక్కిస్తే అది లైసోజోముల్లోకి మాత్రమే చేరి వాటి సాంద్రతను తగ్గించింది. అప్పుడు అవి పైకి తేలి, పెరాక్సిజోములు కింద మిగిలాయి. పని దగ్గర మాత్రం రెండింటికీ పోలికే లేదు. లైసోజోమ్ నీటి అణువును వాడి పెద్ద అణువులను విడగొడుతుంది. పెరాక్సిజోమ్ ఆక్సిజన్‌ను వాడి చాలా పొడవైన కొవ్వు ఆమ్లాలను కురచ చేస్తుంది, ఆ క్రమంలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కెటలేజ్ అనే ఎంజైమ్‌తో విరిచేస్తుంది. దాని ప్రోటీన్లు చాలావరకు జాలకం, గాల్జీ దారిలో రావు. కణద్రవ్యంలోనే తయారై నేరుగా లోపలికి వెళ్తాయి. నీ కాగితం మీద దాన్ని ఆ దారికి పక్కగా గియ్యి.

ఇక రెండు పుస్తకాల తగవు. కణం పద్ధతిగా తనను తాను చంపుకునే ప్రక్రియ అపోప్టోసిస్. అందులో ముఖ్య పాత్ర కాస్పేజ్‌లు అనే ఎంజైములది, అవి లైసోజోమ్ ఎంజైములు కావు. చాలాసార్లు దానికి ట్రిగ్గర్ మైటోకాండ్రియా నుంచే వస్తుంది. దాని పొరల మధ్య ఉండే సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికి వస్తే కాస్పేజ్‌లు మేల్కొంటాయి. అలా చనిపోయిన కణాలను పక్క కణాలో మాక్రోఫేజ్‌లో మింగి తమ లైసోజోముల్లో అరిగిస్తాయి. లైసోజోములు పగిలి కణం చనిపోవడం కూడా జరుగుతుంది, సిలికా దగ్గర చూశాం కదా. కానీ అది లైసోజోమ్ రోజూ చేసే పని కాదు.

రోజూ చేసే పని ఏమిటో తెలియాలంటే యొషినొరి ఒసుమి ప్రయోగం చూడాలి. ఈస్ట్ కణంలో లైసోజోమ్ పనిని రిక్తిక (వాక్యూల్) అనే సంచి చేస్తుంది. (మొక్కల్లోనూ చాలావరకు అంతే.) ఒసుమి రిక్తికలో ఎంజైములు లోపించిన ఈస్ట్‌ను తీసుకుని ఆహారం లేకుండా ఉంచాడు. కణం తనలోని భాగాలనే పొరల్లో చుట్టి రిక్తికలోకి పంపింది. అరిగించే ఎంజైములు లేవు కాబట్టి అవన్నీ కొన్ని గంటల్లోనే అక్కడ గుట్టగా పోగయ్యాయి, మామూలు సూక్ష్మదర్శినిలోనే కనిపించాయి. కణం ఇలా తనలోని భాగాలను తానే అరిగించుకోవడాన్ని ఆటోఫేజీ అంటారు. ఆ తర్వాత ఏ జన్యువులు చెడిపోతే ఆ గుట్ట ఏర్పడదో వెతికి ఆటోఫేజీ జన్యువులను పట్టుకున్నాడు. 2016లో ఆయనకు నోబెల్ వచ్చింది.

క్షీరదాల్లో ఇది ఎంత అవసరమో పసి ఎలుకల మీద చేసిన ప్రయోగంలో తెలిసింది. పుట్టగానే మాయ నుంచి అందే పోషణ ఆగిపోతుంది. ఆ సమయంలో కణాలు ఆటోఫేజీని పెంచి, తమలోని ప్రోటీన్లను లైసోజోముల్లో అరిగించి, వచ్చిన అమైనో ఆమ్లాలతో నెట్టుకొస్తాయి. ఆటోఫేజీకి కావలసిన జన్యువు లేకుండా పుట్టిన ఎలుక పిల్లలు ఒక రోజులోపే చనిపోయాయి. అరిగించిన ముక్కలు బయటికి వెళ్లి మళ్లీ వాడకంలోకి వస్తాయి కాబట్టే చెత్తబుట్ట అన్న పోలికను పక్కన పెట్టమన్నాను. అంతే కాదు, లోపల అమైనో ఆమ్లాలు సరిపడా ఉన్నాయా లేదా అన్న కబురును బట్టి కణం పెరగాలా ఆగాలా అని తేల్చే ఎంటార్ అనే ప్రోటీన్ సముదాయం కూడా లైసోజోమ్ పొర మీదే కూర్చుని పనిచేస్తుంది.

పరీక్షలో ఆత్మహత్యా సంచులు అన్న మాట అడిగితే రాయి, మార్కు వదులుకోవద్దు. వెంటనే ఇంకో రెండు వాక్యాలు చేర్చు: పొర పెద్ద ఎత్తున దెబ్బతిన్నప్పుడు ఎంజైములు విడుదలై కణాన్ని చంపగలవు, మామూలు స్థితిలో మాత్రం లైసోజోమ్ పాత భాగాలను, బయటి నుంచి మింగిన పదార్థాన్ని అరిగించి తిరిగి వాడకానికి ఇస్తుంది. పటం వేయమంటే కణాంగాలను విడివిడిగా చెల్లాచెదురుగా వేయకుండా కేంద్రకం, గరుకు జాలకం, గాల్జీ, ఎండోజోమ్, లైసోజోమ్ వరసలో వేసి బాణాలు గియ్యి. దిద్దేవాళ్లకు నీకు అర్థమైందని అక్కడే తెలిసిపోతుంది.

చివరగా నీకు ఒక లెక్క. ఐ-సెల్ జబ్బు అని ఒకటుంది. అది ఉన్న పిల్లల్లో లైసోజోమ్ ఎంజైముల జన్యువులన్నీ బాగానే ఉంటాయి. అయినా చాలా కణజాలాల్లో లైసోజోముల్లో ఆ ఎంజైములు సరిగ్గా ఉండవు, రక్తంలో మాత్రం మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనిపిస్తాయి. నీ కాగితం ముందు పెట్టుకుని, ఆ దారిలో ఎక్కడ తెగితే ఇలా అవుతుందో వేలు పెట్టి చూపించగలవేమో ప్రయత్నించు. పుస్తకం తెరవకుండా దొరికితే నాకు రాయి.